‘బండెనక బండి’ కట్టినవాడి పేరు చెబుదాం, పాడినవాళ్ల మాట మార్చవద్దు

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ పత్రిక జిల్లా అనుబంధంలో తెలంగాణ పాటల మీద ఇటీవల వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ‘బండెనక బండి కట్టి’ పాటను అందులో ఒక చోట ‘ఎవరు రాశారో తెలియని జానపద గేయం’ అన్నారు. అదే పుటలో బొమ్మ కింద ‘గద్దర్ రచించిన పాట’ అని ముద్రించారు. ఈ రెండు మాటలూ సరికావు. ఆ పాట కట్టిన మనిషి ఉన్నాడు. ఆయన పేరు బండి యాదగిరి. నిజాం పాలన మీద, దొరల మీద సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంలో పనిచేసి, ఆ పోరాటంలోనే ప్రాణమిచ్చిన యోధుడు. సవరణ వేయమని నాలుగు వాక్యాలు రాసి పంపుదామనే కలం పట్టాను గాని, రాయడం మొదలుపెట్టిన తర్వాత ఈ పాట విషయంలో మా జిల్లాలో ఎన్నో ఏళ్లుగా చూస్తూ వచ్చిన సంగతులు కూడా మీ పాఠకుల ముందు ఉంచాలనిపించింది. ఉత్తరం పొడుగైనందుకు మన్నించగలరు.

నేను వ్యవసాయ శాఖలో విస్తరణాధికారిగా తుంగతుర్తి, మోత్కూరు, నకిరేకల్ ప్రాంతాలలో పనిచేసి, విరమణ తర్వాత నల్లగొండలో ఉంటున్నాను. నేను సాహిత్య పరిశోధకుణ్ణి కాను. అయితే నా ఉద్యోగమంతా పొలాల గట్ల మీదనే గడిచింది కాబట్టి, నాట్లు వేసే ఆడవాళ్లు ఎత్తుకునే పాటలు, కలుపు తీసేటప్పుడు ఒకరికొకరు అందించుకునే పాటలు, మధ్యాహ్నం సద్ది తినేటప్పుడు ముసలివాళ్లు గుర్తు చేసుకునే పాటలు వినే అవకాశం నాకు దొరికింది. విన్నవాటిని ఒక నోటుబుక్కులో రాసుకోవడం అలవాటైంది. అందులో ఈ ఒక్క పాటకే తొమ్మిది రూపాలు ఉన్నాయి.

పై పొరపాటు ఎలా పుట్టిందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. గౌతం ఘోష్ దర్శకత్వంలో 1979లో తయారైన ‘మాభూమి’ చిత్రంలో ఈ పాటను గద్దర్ పాడారు, తెర మీద కూడా ఆయనే కనిపించారు. కృషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా బి.నర్సింగరావు, జి.రవీంద్రనాథ్ నిర్మించిన ఆ చిత్రం వచ్చేనాటికి సాయుధ పోరాటం ముగిసి మూడు దశాబ్దాలు కావస్తున్నది. పోరాటాన్ని చూసినవాళ్ల నోళ్లలోనూ, వాళ్ల పిల్లల చెవుల్లోనూ నిలిచి ఉన్న పాట ఆ ఒక్క దృశ్యంతో నల్లగొండ, వరంగల్లు పొలిమేరలు దాటి తెలుగువాళ్లందరికీ చేరింది. అప్పటి నుంచి ఈ పాట అనగానే జనానికి గద్దర్ గొంతే వినిపిస్తుంది. ఆ గొంతు లేకపోతే మా తర్వాతి తరం ఈ పాటను ఇంతగా నెత్తిన పెట్టుకునేది కాదేమో. 2023 ఆగస్టు 6న ఆయన కన్నుమూసినప్పుడు కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లలో నేనూ ఒకడిని. అయినా పాడినవారి మీది గౌరవం కట్టినవారి పేరును కప్పివేయకూడదు. గద్దర్ స్థానాన్ని నిలపడానికి యాదగిరి పాటను ఆయన ఖాతాలో వేయవలసిన అవసరం లేదు, ఆయన సొంత పాటలే అందుకు చాలు.

ఇక ‘జానపదం’ అన్న మాట గురించి. ఈ పాట జానపదమేనని నేనూ అంటాను. దాని నడక, ఒకరు ఎత్తుకుంటే పదిమంది వంత పాడే తీరు, చరణం చివర పదే పదే వచ్చి పడే సంబోధన, ఇవన్నీ పల్లె పాటల నుంచి వచ్చినవే. యాదగిరి కొత్త బాణీ వెతుక్కోలేదు, తన చుట్టూ ఉన్నవాళ్లు కూలికి పోతూ వస్తూ పాడుకునే నడకనే తీసుకుని అందులో కొత్త మాటలు పోశాడు. ఆ పోరాటానికే పాటలు కట్టిన సుద్దాల హనుమంతు గొల్లసుద్దులనే జానపద కళారూపాన్ని పట్టుకుని చేసింది కూడా ఇదే. జనం దగ్గర ఉన్న రూపంలోనే జనానికి చెప్పవలసిన మాట చెప్పడం ఆనాటి సంఘం, అంటే ఆంధ్రమహాసభ, పాటగాళ్ల పద్ధతి. అయితే, జానపదమంటే కర్త లేనిదనే అభిప్రాయం మనలో ఎందుకు పాతుకుపోయిందో నాకు అర్థం కాదు. ప్రతి పాటనూ ఎవరో ఒకరు మొదట నోరు విప్పి పాడవలసిందే. చాలా పాటల విషయంలో ఆ మొదటి మనిషి పేరు మనకు అందలేదు. అందిన చోట కూడా దాన్ని పక్కకు నెట్టి ‘అజ్ఞాత కవి’ అనడం ఆ మనిషికి చేసే అన్యాయం. హనుమంతు రాసిన ‘పల్లెటూరి పిల్లగాడా’ పాటకు ఆయన పేరు చెప్పడం మనకు అలవాటైంది, సంతోషం. అదే కాలంలో, అదే నేల మీద, అదే పని కోసం పుట్టిన పాటకు కట్టినవాడి పేరు చెప్పడం ఎందుకు అలవాటు కాలేదు? ఒక మాట మాత్రం నన్ను ఎప్పుడూ ఆకట్టుకుంటుంది. మన పదకర్తలు చివరి చరణంలో తమ ముద్ర వేసుకునేవారు. ఇక్కడ కాకతాళీయమే అనుకున్నా, పాట మొట్టమొదటి మాటలోనే బండి యాదగిరి ఇంటిపేరు ఉంది. పాడిన ప్రతిసారీ ఆ పేరు పలుకుతూనే, ఆ మనిషిని మాత్రం మరిచిపోతున్నాం.

మన భాషలో బండినీ కడతాం, పాటనూ కడతాం. ఈ పాటలోనైతే పదహారు బండ్లు కట్టుకుని ఊరి మీదికి వచ్చిన సర్కారుకు చివరికి గోరీ కడతామంటారు. ఆ పదహారు బండ్లు ఎక్కడివో నేటి పిల్లలకు తెలియజెప్పకపోతే పాటలోని మంట సగం చల్లారిపోతుంది. నిజాం కాలంలో ఊరికి అధికారి వచ్చినా, పోలీసు వచ్చినా, దొర ఇంట్లో శుభకార్యం జరిగినా బండ్లు పంపవలసింది రైతులే, తోలవలసిందీ రైతులే. దానికి కూలి లేదు, ఎడ్లకు మేత కూడా లేదు. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ, ఇలా ఒక్కొక్క కులం తన తన పనిని ఊరికే చేసినట్టే, బండి ఉన్నవాడు బండిని వెట్టికి ఇవ్వాలి. కాబట్టి బండి వెనక బండి వరుసగా వస్తున్నదంటే అది పండుగ ఊరేగింపు కాదు. ఆ బండ్ల మీద వచ్చేవాడు సర్కారువాడే అయినా, బండీ ఎడ్లూ మాత్రం ఊరివాడివే. నా వరకు నేను ఆ మొదటి పాదాన్ని అలాగే వింటాను. ‘ఏ బండ్లె వస్తవ్’ అని అడగడంలో, మా బండి ఎక్కి మా మీదికే వస్తున్నావా అన్న ఉక్రోషం నాకు వినిపిస్తుంది.

తర్వాతి పాదంలో నైజాము సర్కారు నాజీలను మించిపోయిందని అంటారు. జర్మనీ ఎక్కడ, మా మూసీ పక్కన పల్లెలు ఎక్కడ? రెండో ప్రపంచ యుద్ధపు వార్తలను ఆంధ్రమహాసభ కార్యకర్తలు ఊరూరా చదివి వినిపించిన కాలం అది. సంఘం సభ్యత్వం తీసుకున్న పశులకాపరి కూడా హిట్లరు పేరు విన్న కాలం. ఒక పల్లె మనిషి నాజీ అన్న మాటను పొలం పాటలో కలిపి, తన ఊరి దొరతనాన్ని దాని పక్కన పెట్టి కొలిచాడంటే, ఆ సంఘం చేసిన చదువు ఎంత లోతుకు పోయిందో ఈ ఒక్క పాదం చెబుతుంది. ఈ పాట ఎప్పటిదో తెలుసుకోవడానికి కూడా ఇదే ఆధారం. ‘తరతరాలుగా వస్తున్న గేయం’ అని రాసేవారు ఈ పాదం దగ్గర ఒక్కసారి ఆగితే చాలు.

ఇంకో చరణంలో ఒడిసెలలో రాళ్లు నింపి కొట్టడం, కారం కలిపిన నీళ్లు కళ్లలో చల్లడం వస్తాయి. ఒడిసెల అంటే చేలో పిట్టలను తోలే తాడు సాధనం, కారం అంటే వంటింట్లోది. తుపాకులతో వచ్చిన మిలిటరీని చేను, వంటిల్లు కలిసి తరిమాయన్న మాట. ఈ చరణాన్ని ఆడవాళ్లు పాడినప్పుడు గొంతు మారేది. కరివిరాల కొత్తగూడెంలో పుట్టి, ఉయ్యాల పాటలతోనే ఆడవాళ్లను కూడగట్టి, దళంలోకి పోయి, తర్వాత తుంగతుర్తి శాసనసభ్యురాలైన మల్లు స్వరాజ్యం గారి మాట తీరు విన్నవారికి ఆ గొంతు ఎలా ఉండేదో తెలుసు. ఆమె 2022లో మనల్ని విడిచి వెళ్లారు.

మా జిల్లావాళ్లకు అన్నిటికన్నా ప్రీతిపాత్రమైనది ఊళ్ల పేర్లు వచ్చే చరణం. చుట్టుముట్టు సూర్యాపేట, నట్టనడుమ నల్లగొండ. ఈ మాట వినగానే మా వాళ్లు కూర్చున్న చోట నుంచి లేచి నిలబడతారు. 2016 అక్టోబరులో జిల్లాల విభజన జరిగి సూర్యాపేట, నల్లగొండ రెండు జిల్లాలయ్యాయి, యాదాద్రి భువనగిరి మూడోదయింది. ఆనాడు నల్లగొండ జిల్లాలోనే ఉండిన జనగామ తాలూకా ఇప్పుడు తనంతట తానొక జిల్లా. కాగితం మీద ఎన్ని గీతలు గీసినా ఈ చరణంలో మాత్రం మేమంతా ఒకే జిల్లాలో ఉన్నాం. ఆ తర్వాతి పాదాన్ని ‘నువ్వుండేది హైదరాబాదు, దాని పక్కా గోలుకొండ’ అని ఎక్కువమంది పాడతారు. నేను రాసుకున్న కొన్ని రూపాలలో అది ‘ఆవాల హైదరాబాదు, తర్వాత గోలుకొండ’ అని ఉంది. మొదటి దానిలో సర్కారును వేలెత్తి చూపడం ఉంది. రెండో దానిలో నడక ఉంది. సూర్యాపేట నుంచి పడమరగా బయలుదేరిన మనిషికి నల్లగొండ, దాని ఆవల హైదరాబాదు, అది దాటితే గోలకొండ ఏ వరుసలో వస్తాయో పాట కూడా అదే వరుసలో పోతుంది. చివరికి ఖిల్లా కిందికి చేరి, నీ గోరీ ఇక్కడే కడతామంటుంది. కుతుబ్‌షాహీ సుల్తానుల సమాధులు గోలకొండ పక్కనే ఉన్నాయన్న సంగతి పల్లె మనిషికి తెలుసు, కాబట్టే రాజుకు ఆ చోటు చూపించాడు. ఈ రెండు రూపాలలో ఏది అసలుదని నన్ను చాలామంది అడిగారు. రెండూ అసలువేనని నా జవాబు. ఒకటి ఉంచి ఒకటి చెరిపేస్తే పాట పేదదవుతుంది.

ఇక్కడే నాకు బాధ కలిగించిన ఒక సంఘటన చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక పాఠశాల వార్షికోత్సవంలో పిల్లలు ఈ పాట పాడారు. చక్కటి గొంతులు, శ్రుతి తప్పలేదు. అయితే పాట పొడవునా ‘కొడుకో’ అన్న మాట ఒక్కసారి కూడా వినిపించలేదు. దాని చోట ‘ఓరి’ అని, మరో చోట ‘నీవు’ అని పెట్టారు. ‘బండెనక’ కూడా ‘బండి వెనుక’ అయింది. తర్వాత అడిగితే, ఆ మాట పిల్లల నోట బాగుండదని, మిగతా భాష కూడా కొంచెం దిద్దామని చెప్పారు. వారిది చెడు ఉద్దేశం కాదని నాకు తెలుసు. కానీ మా ప్రాంతంలో ‘కొడుకా’ అన్న పిలుపు ఎన్ని రకాలుగా పనిచేస్తుందో ఆ ఉపాధ్యాయులకు తెలియనిది కాదు. పొద్దున పొలానికి పోయే పిల్లవాణ్ణి ‘పైలం కొడుకా’ అని తల్లి పంపుతుంది. చనిపోయిన బిడ్డ మీద పడి ‘కొడుకో’ అని ఏడుస్తుంది. అదే తల్లి అన్యాయం చేసినవాణ్ణి నిలదీసేటప్పుడు కూడా ‘ఏం రా కొడుకా’ అంటుంది. ఏడుతరాల సింహాసనం మీద ఉన్న ప్రభువును, ‘హుజూర్’ అని తప్ప పిలవరాని ప్రభువును, ఒక పల్లె మనిషి ‘కొడుకో’ అని పిలిచిన క్షణంలోనే అతని మీద భయం తెగిపోయింది. ‘నీ బాంచెన్ కాల్మొక్త’ అన్న నోరే ‘కొడుకో’ అనగలిగింది. ఆ మాట తీసేస్తే పాటలో బండ్లు మిగులుతాయి గాని పోరాటం మిగలదు.

‘గట్టి’ అని పలికే చోట ‘కట్టి’ అని రాయడం గురించి నాకు పెద్దగా పట్టింపు లేదు. నేనూ ఈ ఉత్తరంలో ‘కట్టి’ అనే రాశాను. అచ్చులో ఎలా ఉన్నా, పాడేటప్పుడు నోటికి వచ్చినట్టు పాడనివ్వాలి.

మరో సంగతి ఇంకా జాగ్రత్తగా చెప్పవలసినది. ఈ మధ్య కొన్ని సభలలో ఈ పాటను ఒక మతం మీద కోపంగా పాడుతున్నారు, వినేవారికి కూడా అలాగే అర్థం చెబుతున్నారు. పాటలో ఉన్నది ‘నైజాము సర్కారు’. ఆ సర్కారుకు పల్లెలో చెయ్యీ కాలూ అయినవాళ్లు దేశ్‌ముఖులు, దేశ్‌పాండ్యాలు, జాగీర్దార్లు. మా ప్రాంతంలో వారిలో అత్యధికులు హిందువులే. విసునూరు దేశ్‌ముఖు మీద కోర్టుకెక్కి పోరాడి 1940లో అతని మనుషుల చేతిలో హతుడైన కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగి ముస్లిం. రజాకార్లను ఎదిరించి రాసినందుకు 1948 ఆగస్టులో వారి చేతిలోనే ప్రాణం కోల్పోయిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్ ముస్లిం. 1952లో మా హుజూర్‌నగర్ ప్రజలు ఉప ఎన్నికలో గెలిపించి శాసనసభకు పంపిన కవి మఖ్దూం మొహియుద్దీన్ ముస్లిం. నిజాం రాజ్యం మీద కట్టిన పాటను పొరుగింటి మనిషి మీదికి తిప్పడం బందగి సమాధి ఉన్న నేల మీద జరగకూడని పని.

పాట నిజాం పాలనతోనే ముగిసిపోకపోవడానికి కారణం కూడా చరిత్రలోనే ఉంది. 1948 సెప్టెంబరు 17న నిజాం భారత సైన్యానికి లొంగిపోయాడు. కానీ గోరీ కట్టడం జరగలేదు సరికదా, 1950 జనవరి నుంచి 1956 దాకా ఆయన హైదరాబాద్ రాష్ట్రానికి రాజ్‌ప్రముఖ్‌గా, అంటే గవర్నరు వంటి పదవిలో, ఉన్నారు. పారిపోయిన దొరలు కొందరు తిరిగి ఊళ్లకు వచ్చారు. సాయుధ పోరాటం 1951 అక్టోబరు వరకు సాగింది. అంటే పాటలో పిలిచిన సర్కారు పోయిన తర్వాత కూడా మూడేళ్లు, బండ్ల మీద వచ్చే మనుషుల యూనిఫాం మారింది గాని పల్లెకు కష్టం మారలేదు. అందుకే పాడేవాళ్లు పాటను విడిచిపెట్టలేదు, సంబోధన మార్చుకున్నారు. మా నాయనమ్మ ఈ పాట పాడేటప్పుడు ‘నైజాము సర్కరోడా’ అనవలసిన చోట మా ఊరి దొర ఇంటిపేరు వచ్చేది. ఆ ఇంటిపేరు మూడక్షరాలే కావడం వల్ల తాళం సరిపోయేది కాదు. చివరి అక్షరాన్ని సాగదీసి సరిపెట్టేది. చిన్నప్పుడు నాకు అదే అసలు పాట అనుకుని, సినిమాలో విన్నప్పుడు వీళ్లెవరో మా నాయనమ్మ పాటను మార్చారని కోపం వచ్చింది. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలోనూ, 2001 తర్వాతి ఉద్యమంలోనూ పాట మళ్లీ మళ్లీ లేవడానికి ఈ గుణమే కారణమని నేను నమ్ముతున్నాను. ధూంధాం వేదికల మీద, కళాశాలల మెట్ల మీద, రాస్తారోకోల దగ్గర ఎవరి కష్టానికి కారణమైనవాడిని వాళ్లు ఆ చోట నిలబెట్టి అడిగారు.

నేను యాదగిరి పేరు చెప్పమని ఒక పక్క అడుగుతూ, మరోపక్క జనం మార్చుకున్న మాటలన్నీ ఉండాలంటున్నాను. ఇవి పొసగని మాటలని ఒక మిత్రుడు అన్నారు. కట్టినవాడిని గౌరవించాలంటే ఆయన కట్టినట్టే పాడాలి కదా అని ఆయన వాదన. ఒప్పుకోలేకపోయాను. యాదగిరి పుస్తకంలో అచ్చువేయడానికి ఈ పాట కట్టలేదు, పదిమంది ఎత్తుకుని పాడడానికి కట్టాడు. తన ఊరి దొర పేరు పెట్టి మా నాయనమ్మ పాడినప్పుడు యాదగిరి పని నెరవేరింది. అయితే పాట తెలిసిన మనిషి అవసరం కొద్దీ మార్చడం వేరు, దాని కాలమూ కారణమూ తెలియకుండా నాజూకు కోసం మార్చడం వేరు. మొదటిది పాటను బతికించింది, రెండోది ఆ పాఠశాల వేదిక మీద నేను చూసింది.

2024లో రాష్ట్ర ప్రభుత్వం అందెశ్రీ రాసిన ‘జయ జయహే తెలంగాణ’ను రాష్ట్ర గీతంగా స్వీకరించింది. ఆ గీతం ఆలపించే ముందు రచయిత పేరు చెబుతున్నాం, లేచి నిలబడుతున్నాం, అది తగిన మర్యాద. ‘బండెనక బండి’కి ప్రభుత్వ ఉత్తర్వు లేదు, అక్కరలేదు కూడా. పెళ్లి ఊరేగింపు నుంచి అంతిమయాత్ర దాకా మా దక్షిణ తెలంగాణ పల్లెల్లో, ఇటు దేవరకొండ నుంచి అటు పాలమూరు దాకా, ఎవరూ చెప్పకుండానే జనం అందుకునే పాట అది. ఉత్తర్వు ఉన్న పాటకు ఇచ్చే మర్యాదలో ఒక్క భాగం, అంటే పాడే ముందు ‘బండి యాదగిరి కట్టిన పాట’ అన్న నాలుగు మాటలు, ఈ పాటకూ ఇవ్వమని సభల నిర్వాహకులను, వ్యాఖ్యాతలను, పత్రికలవారిని కోరుతున్నాను.

దానికన్నా తొందరపడవలసిన పని ఇంకొకటి ఉంది. 1948లో పదేళ్ల పిల్ల అయిన మనిషికి ఇవాళ తొంభై దగ్గర పడుతున్నది. నేను రాసుకున్న తొమ్మిది రూపాలను పాడినవాళ్లలో ఇప్పుడు ఇద్దరే ఉన్నారు, వారిలో ఒకామెకు వినికిడి పోయింది. జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు పోరాట పాటలను ఎంతో శ్రమతో సేకరించారు, వారికి మనం రుణపడి ఉన్నాం. కానీ అచ్చు పుస్తకంలో మాట దొరుకుతుంది గాని గొంతు దొరకదు. నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఆ రెండింటిలో చదివే పిల్లలలో అధికులు ఈ పల్లెలవారే. ప్రతివారి చేతిలోనూ సెల్‌ఫోన్ ఉంది. దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు, బతుకమ్మ దగ్గర ఆడవాళ్లంతా కూడిన వేళ, తమ ఊళ్లో పెద్ద వయసువాళ్లను కూర్చోబెట్టి ఈ పాటను పాడించి రికార్డు చేసుకురమ్మని అధ్యాపకులు చెబితే చాలు. పాడినవారి పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ పని చేస్తూ పాడేవారు అన్నవి వారి అనుమతితో రాసుకోవాలి. తప్పులు దిద్దకూడదు, మధ్యలో దగ్గినా ఆగినా అలాగే ఉంచాలి. అలా వచ్చినవాటిని వరంగల్‌లోని జానపద గిరిజన విజ్ఞాన పీఠం వంటి చోట భద్రపరిస్తే రేపటి పరిశోధకులకు పనికివస్తాయి. ఇందుకు నిధులు మంజూరు కావాలని ఎదురుచూడవలసిన పని లేదు.

నా నోటుబుక్కు నకలు ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను. అందులో మా నాయనమ్మ పాడిన రూపం సగంలోనే ఆగిపోయింది. కారం నీళ్ల చరణం తర్వాత ఆమె రోకళ్ల గురించి ఒక చరణం ఎత్తుకునేది. ఆడవాళ్లంతా రోకళ్లు పట్టుకుని వాకిట నిలబడ్డారన్న దాకా పాడి, అక్కడ ఊపిరి అందక ఆగి, కాసేపటికి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టేది. ఆ మిగతా సగం ఏమిటని అడగాలన్న తెలివి నాకు అప్పుడు లేదు. తుంగతుర్తి, మోత్కూరు వైపు పల్లెల్లో ఆ చరణం పూర్తిగా తెలిసినవారు ఎవరైనా ఉంటే, మీ పత్రిక ద్వారా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత వ్యవసాయ విస్తరణాధికారి,
నల్లగొండ